అరచెయ్యి ఆనాలి

జాకీర్ చెయ్యి పాసైంది.

ఆ మాట అన్నది డాక్టరు కాదు, నర్సూ కాదు. స్టాండుకి బిగించిన ట్యాబు. తెరంతా ఆకుపచ్చగా వెలిగి, మధ్యలో ‘సాధారణం’ అని అక్షరాలు పడ్డాయి. మంగళవారం పదకొండింటికి, తెనాలి మార్కెట్ వెనక ఫంక్షన్ హాల్లో, చేతి నరాల ఉచిత క్యాంపులో, నలభై రెండేళ్ళ మోటారు వైండింగ్ మేస్త్రీ జాకీర్ కుర్చీలోంచి లేచి, పదో తరగతి ఫలితాలు విన్న పిల్లాడిలా చొక్కా సర్దుకున్నాడు. పక్కన నిలబడ్డ అతని భార్య ఫిర్దోస్‌కి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

“అదేంటి బాబూ, సాధారణమేంటి? సరిగ్గా చూడండి,” అంది.

ట్యాబు దగ్గర కూర్చున్న కుర్రాడి మెళ్ళో కార్డు మీద వినయ్ కుమార్ అని పేరుంది. అతను ఓపిగ్గానే చెప్పాడు. నీలం గుడ్డ పరిచిన బల్ల మీద చెయ్యి పెడితే పైనుంచి కెమెరా చూస్తుంది. కణుపు కణుపునా చుక్కలు పెట్టుకుంటుంది. వేళ్ళు విప్పమంటుంది, మూయమంటుంది, బొటనవేలితో చిటికెన వేలిని తాకమంటుంది. ఏ వేలు ఎంత దూరం కదిలిందో కొలుచుకుని, నరం దెబ్బ తిన్నదో లేదో చెబుతుంది. ఎరుపు పడితే శనివారం బాపట్లలో పెద్ద డాక్టరు దగ్గరికి చీటీ. ఆయన హైదరాబాదు నుంచి వస్తాడు, తెగిన నరాలు కలిపే ఆపరేషన్లకి పేర్లు రాసుకుంటాడు. ఆకుపచ్చ పడితే ఇంటికి.

“మీ ఆయనకి నాలుగు వేళ్ళూ బ్రహ్మాండంగా విచ్చుకుంటున్నాయమ్మా. సంతోషించాలి మీరు.”

“సంతోషం సంగతి తర్వాత. ఆ చేతిలో అన్నం ముద్ద నిలవదండీ. చొక్కా బొత్తాలు నేనే పెట్టాలి. సోల్డరింగ్ ఐరన్ తగిలి చిటికెన వేలు కాలితే, వాసనొచ్చేదాకా తెలియలేదు ఈయనకి. ఇదిగో మచ్చ, మీరే చూడండి.”

ఆమె జాకీర్ చెయ్యి పట్టుకోబోయింది. అతను దాన్ని ప్యాంటు జేబులో పెట్టేసుకున్నాడు.

“మచ్చలు ఇది చూడదమ్మా. కదలికలే చూస్తుంది.”

“ఊరుకో ఫిర్దోస్, వెనకాల జనం ఉన్నారు,” అన్నాడు జాకీర్, తానేదో ఆస్పత్రి పెద్ద అయినట్టు.

మూడు నెలల కిందట షాపులో బీరువా అద్దం పగిలి కుడి మణికట్టు తెగినప్పుడు, వీధి చివర ఆస్పత్రిలో ఏడు కుట్లు వేసి పంపేశారు. వేళ్ళు కదుపు అని అక్కడ ఒక్కరూ అడగలేదు. తోలు కలిసింది, గాయం మానింది, పని అయిపోయిందన్నారు. వేళ్ళు కదపమని అడిగింది ఇన్నాళ్ళకి ఈ ట్యాబొక్కటే. అదీ ఇలా తగలడింది.

ప్రింటరు లోంచి రిపోర్టు వచ్చింది. పైన జాకీర్ పేరు, కింద గళ్ళ గళ్ళ కోడు, మధ్యలో అరచేయంత ఆకుపచ్చ గుండ్రం. జాకీర్ దాన్ని మడత పడకుండా రెండు చేతులా పట్టుకుని బయటికి నడిచాడు. ఫిర్దోస్ చెప్పుల కోసం వెతుక్కుని వచ్చేసరికి మనిషి ఎదురుగా జిరాక్స్ షాపులో ఉన్నాడు. ఏం చేస్తున్నాడా అని తొంగి చూసింది. లామినేషన్ చేయిస్తున్నాడు!

“ఏవండీ, అదేమన్నా డిగ్రీ పట్టానా?”

“నీకు తెలీదులే. వాన పడ్డా పాడవ్వదు,” అన్నాడు, వేడి వేడి కాగితాన్ని ఊదుకుంటూ.

*

ఆ మధ్యాహ్నం క్యారేజీ తీసుకుని షాపుకెళ్ళేసరికి ఆ కాగితం గోడకి వేలాడుతోంది. రాగి తీగ ముక్కతో మేకుకి కట్టాడు. మోటారు తెచ్చిన ప్రతి రైతుకీ కనబడేలా సరిగ్గా గల్లాపెట్టె పైన.

షాపు మీరా మొహిద్దీన్‌ది. జాకీర్‌కి పదహారో ఏట వైండింగ్ నేర్పిన ఉస్తాదు ఆయనే. ఇప్పుడు డెబ్భై దాటాయి, ఒక కంట్లో పొర ముదిరింది. బల్లకి అటు పక్క స్టూలు మీద కూర్చుని కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టి, ఫిర్దోస్‌ని చూడగానే నవ్వాడు.

“చూశావా అమ్మా? కంప్యూటరే చెప్పింది మనవాడి చెయ్యి గట్టిదని. నాకు ఒకటే బెంగగా ఉండేది. ఇక వచ్చే నెల నుంచి షాపు జాకీర్ చూసుకుంటాడు. మా మనవడు ఫిరోజ్ గాడు అడుగుతున్నాడనుకో, వాడికి ఇంకా పని రాలేదు.”

“మంచిది చాచా,” అంది ఫిర్దోస్. నోటిదాకా వచ్చిన మాట పళ్ళ మధ్యే ఆగిపోయింది. అయితే ఇదన్నమాట సంగతి! షాపు చేతికొచ్చే నెల. అందుకే చెయ్యి జేబులోకి, కాగితం గోడ మీదకి.

జాకీర్ తలెత్తలేదు. అతని ముందు దుగ్గిరాల నుంచి వచ్చిన అయిదు హెచ్‌పీ మోటారు నోరు తెరుచుకుని ఉంది. కాలిన తీగంతా పీకేసి, గాడి గాడికీ కొత్త పేపరు పెట్టి, చుట్టిన కాయిల్‌ని లోపలికి దించుతున్నాడు. ఫిర్దోస్ క్యారేజీ గిన్నెలు విప్పుతూ ఓరకంట చూసింది. పెళ్ళయిన నాటి నుంచీ చూస్తున్న పని. ఇదివరకు ఎడమ చెయ్యి కాయిల్‌ని పట్టుకుంటే కుడి చేతి వేళ్ళు తీగల్ని ఒక్కొక్కటే దువ్వి గాడిలోకి జార్చేవి. ఇప్పుడు కుడి చెయ్యి ఊరికే అక్కడ ఆనించి ఉంది. దువ్వేది ఎడమ చెయ్యి. అందనప్పుడు తల వంచి పళ్ళతో లాగుతున్నాడు. కుడి చిటికెన వేలు పక్కకి పొడుచుకుని తీగల్లో చిక్కుకుంటోంది, దాన్ని ఎడమ చేత్తోనే విడిపించుకుంటున్నాడు. అదంతా ఉస్తాదుకి కనబడదు. కనబడే కన్ను ఇటు వైపు లేదు.

అన్నం తినేటప్పుడు జాకీర్ గోడవైపు తిరిగి కూర్చున్నాడు. ఈ మధ్య పులుసూ చారూ వద్దంటున్నాడు. ముద్ద గట్టిగా ఉండే పప్పన్నమే కావాలి. అయినా సగం వేళ్ళ సందుల్లోంచి గిన్నెలోకే రాలుతోంది. ఆమెకి ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. రెండిట్లో కోపమే తేలిక కాబట్టి గిన్నెలు చప్పుడు చేస్తూ సర్దుకుని వచ్చేసింది.

ఇంటికొచ్చి మిషను ముందు కూర్చుంది. ఆరు బ్లౌజులు కుట్టాలి. బ్లౌజుకి ఒక్క చెయ్యి అతికేసరికి దారం మూడుసార్లు తెగింది. ఆ కుర్రాడిది తప్పా, ఆ ట్యాబుదా, ఈ మనిషిదా? ఎవరిని తిడితే కడుపుమంట చల్లారుతుంది?

*

బుధవారం పొద్దున్నే మళ్ళీ ఫంక్షన్ హాలుకి పోయింది. తెనాలిలో క్యాంపుకి అదే ఆఖరి రోజు. వినయ్ కుమార్ ఆమెని చూడగానే గుర్తుపట్టి, “ఒకసారి చేశాక సిస్టమ్ మళ్ళీ తీసుకోదమ్మా, మూడు నెలల దాకా,” అన్నాడు అడక్కముందే.

“మూడు నెలలకి మీరుంటారా ఇక్కడ?”

“అది పైవాళ్ళు చెప్పాలమ్మా.”

హాలు మూలన ఫిజియోథెరపీ బల్ల దగ్గర ఒకావిడ ముసలాయన వేళ్ళకి కసరత్తు చేయిస్తోంది. చేబ్రోలు మనిషి, పేరు కృపారాణి. ఫిర్దోస్ గొంతు హాలంతా వినబడుతుంటే ఆవిడే పిలిచింది.

“ఇలా రండక్కా. ఏంటి గొడవ?”

ఫిర్దోస్ మొత్తం చెప్పింది. ముద్ద నిలవకపోవడం, కాలిన వేలు, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య వెనకవైపు కండ కరిగిపోయి గుంట పడటం. గుంట అనగానే కృపారాణి ముసలాయన చెయ్యి వదిలేసింది.

“వేళ్ళు విప్పేటప్పుడు మీ ఆయన అరచెయ్యి బల్లకి ఆనిందా?”

“ఆనకుండా ఎలా విప్పుతాడండీ?”

“అదే చూడాలక్కా.” కృపారాణి తన చెయ్యి బల్ల మీద పెట్టి చూపించింది. “వేళ్ళని పక్కలకి విప్పే చిన్న కండలు చేతిలోనే ఉంటాయి. చిటికెన వేలి వైపు నరం తెగితే అవి పనిచెయ్యవు. కానీ అరచెయ్యి కాస్త పైకి లేపి వేళ్ళు వెనక్కి లాగితే, మోచేతి నుంచి వచ్చే పెద్ద కండలే వాటిని విప్పేస్తాయి. పైనుంచి చూసేవాళ్ళకి మామూలుగా విచ్చుకున్నట్టే ఉంటుంది. కెమెరా చూసేది పైనుంచే కదా! చెయ్యి లేచిందో ఆనిందో దానికేం తెలుసు? ‘అరచెయ్యి ఆనాలి’ అని ఒక్క ముక్క తెర మీద రాయండయ్యా అని రెండుసార్లు చెప్పాను వీళ్ళకి. వచ్చే వెర్షన్‌లో పెడతారట.”

“మరి మీరు కాస్త వచ్చి చెప్పండి ఆ బాబుకి.”

“చెబుతానక్కా. శుక్రవారం రేపల్లెలో క్యాంపుంది, బాపట్లకి ముందు అదే చివరిది. అక్కడికి తీసుకురండి, నేను దగ్గరుండి మళ్ళీ చేయిస్తాను. కానీ మీ ఆయన రావాలి. ఆయనే నాకు బాగానే ఉందంటే నేనేం చెయ్యగలను?” ఆవిడ గొంతు తగ్గించింది. “దెబ్బ తగిలి మూడు నెలలంటున్నారు. ఇప్పటికే లేటు. ఇంకా ఆగితే నరం కలిపినా కండ మేలుకోదు. పెద్ద డాక్టరు మళ్ళీ ఈ వైపు ఎప్పుడొస్తారో తెలీదు.”

ఆ సాయంత్రం జాకీర్ ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని టీ తాగుతుంటే, ఫిర్దోస్ కింద చాప మీద కూర్చుని చీరకి ఫాల్ కుడుతూ మామూలుగానే అడిగింది.

“ఆ ట్యాబు ముందు ఎలా చేశారో మళ్ళీ ఒకసారి చూపించండి.”

అతను ఉత్సాహంగా స్టూలు మీద చెయ్యి పెట్టాడు. వేళ్ళు విచ్చుకున్నాయి, ముడుచుకున్నాయి, మళ్ళీ విచ్చుకున్నాయి. పైనుంచి చూస్తే వంక పెట్టేందుకు లేదు. కానీ ఫిర్దోస్ కింద కూర్చుంది. ఆమె కళ్ళు సరిగ్గా స్టూలు ఎత్తులో ఉన్నాయి. వేళ్ళు విచ్చుకున్న ప్రతిసారీ అతని అరచేతి కింద నుంచి వెలుగు కనిపించింది. ఆమె కొలత టేపు కొస తీసి ఆ సందులోకి తోసింది. టేపు అటు వైపుకి వచ్చేసింది.

“ఇదేంటి?” అంది.

జాకీర్ మొహం మాడిపోయింది.

“ఎన్నాళ్ళు ప్రాక్టీసు చేశారు?”

“క్యాంపని తెలిసిన దగ్గర్నుంచి,” అన్నాడు. “అయిదారు రోజులు. చెయ్యి కొంచెం లేపితే వేళ్ళు వస్తున్నాయని నాకే తెలిసింది. అయినా విచ్చుకున్నాయి కదా ఫిర్దోస్. ఎలా విచ్చుకుంటే ఏంటి?”

“ఎలా విచ్చుకుంటే ఏంటా? అది పరీక్షనుకున్నారా మీరు, పాసైతే ఉద్యోగమిస్తారనుకున్నారా? తప్పితేనే కదయ్యా వైద్యం చేసేది! యా అల్లా, ఎవరితో చెప్పుకోను! లోకంలో అందరూ లేని రోగం ఉందని చెప్పి సర్టిఫికెట్లు తెచ్చుకుంటుంటే, ఈ మహానుభావుడు ఉన్న రోగం దాచిపెట్టి లామినేషన్ చేయించాడు!”

“అరవకు, పక్కింటివాళ్ళు వింటారు.”

“విననీ! శుక్రవారం రేపల్లె పోదాం. మళ్ళీ చూస్తామన్నారు.”

“నేను రాను. ఎరుపు కాగితం పట్టుకుని ఏ మొహంతో షాపుకి పోను? ఇరవై ఆరేళ్ళు ఫిర్దోస్. ఆయన పెద్ద బల్ల ఇస్తానన్న నెలలోనే నా చెయ్యి పోయిందని చెప్పనా? ఫిరోజ్‌ని కూర్చోబెట్టి, నన్ను టీలు తెమ్మంటారు.” టీ గ్లాసు అక్కడే వదిలేసి, చొక్కా వేసుకుని బయటికి పోయాడు. కింది బొత్తాలు రెండూ పెట్టుకోలేదు. ఆమెని పెట్టమనడం ఇష్టం లేక అలాగే పోయాడు.

*

గురువారమంతా ఫిర్దోస్ అతనితో మాట్లాడలేదు. మాట్లాడి లాభం లేదు. ఆ మనిషి చెవుల్తో వినే రకం కాదు, మోటారైనా సరే విప్పి కళ్ళారా చూస్తేగాని నమ్మడు. అందుకే ఫోన్ తీసింది.

ఆ ట్యాబు పైనుంచి చూసింది కదా, తను పక్క నుంచి చూస్తుంది. పొద్దున పెసరట్టు తింటుంటే, ఫోనుని నీళ్ళ బాటిల్‌కి ఆనించి పెట్టింది. అట్టు తుంచడానికి బొటనవేలు కొస కణుపు దగ్గర ముక్కులా వంగిపోతోంది, అయినా పట్టు దొరకడం లేదు. చివరికి ఎడమ చేత్తో తుంచాడు. చొక్కా వేసుకుంటుంటే తలుపు సందులోంచి తీసింది. ఒక్క బొత్తం మీద రెండు నిమిషాలు. మధ్యాహ్నం షాపులో ఉస్తాదు నమాజుకి వెళ్ళినప్పుడు క్యారేజీ సంచి మీద ఫోను పెట్టి తీసింది. పళ్ళతో తీగ లాగడం, తీగల్లో ఇరుక్కున్న వేలిని ఇంకెవరిదో అయినట్టు తీసి పక్కన పెట్టుకోవడం. తియ్యడం అలవాటు లేక సగం వీడియోల్లో ఆమె బొటనవేలే అడ్డొచ్చింది.

జాకీర్ నాలుగింటికి ఇంటికొచ్చాడు, మోటారుకి వార్నిష్ పోసి ఆరబెట్టానని చెబుతూ. ఆమె ఫోను అతని ఒళ్ళో పడేసి మిషను దగ్గరికి వెళ్ళిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. పెడల్ తొక్కుతూ చెవి మాత్రం అటే పెట్టింది. పెసరట్టు ప్లేటు చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్ళీ మొదటి నుంచి వినిపించింది. షాపు వీడియోలో బయట ఆటో హారన్ మోగింది. అదీ రెండుసార్లు మోగింది.

అతను తిట్టినా, ఫోను విసిరినా సిద్ధంగానే ఉంది ఫిర్దోస్. అతను రెండూ చెయ్యలేదు.

“రెండు ఫేజుల మీద నడుస్తోంది,” అన్నాడు.

ఆమె పెడల్ ఆపింది.

“మూడు ఫేజుల మోటారుకి ఒక ఫేజు పోయినా తిరుగుతూనే ఉంటుంది ఫిర్దోస్. రైతు నీళ్ళొస్తున్నాయి కదా అనుకుంటాడు. మూలుగుతుంది, వేడెక్కుతుంది, పట్టించుకోడు. నేను రోజూ వాళ్ళని తిడతాను, ముందే తేవద్దా బుర్ర లేదా అని.” ఫోను తెర మీద తన చేతిని రెండు వేళ్ళతో పెద్దది చేసి చూస్తున్నాడు. ఎడమ చేతి వేళ్ళతో. “నాకు ఇలా ఉందని తెలీదు. లోపల్నుంచి ఇలా అనిపించదు.”

ఆమె మిషను వదిలి వచ్చి అతని పక్కన కూర్చుంది. మూడు రోజుల నుంచి పోగేసుకున్న తిట్లన్నీ ఎటో పోయాయి.

“రేపల్లె బండి ఎన్నింటికి?” అన్నాడు.

*

శుక్రవారం పొద్దున ప్యాసింజరు ఎక్కి తొమ్మిదింటికల్లా రేపల్లెలో దిగారు. క్యాంపు ఒక స్కూలు వరండాలో. వచ్చినవాళ్ళలో సగం మంది నిజాంపట్నం వైపు బోట్ల మీద పనిచేసేవాళ్ళు. వలతాళ్ళు కోసిన చేతులు, చేపముళ్ళు దిగిన చేతులు, లైను కట్టి కూర్చున్నాయి. జాకీర్ వంతు వచ్చేసరికి పదకొండున్నరయింది.

వినయ్ కుమార్ వాళ్ళని చూసి తల పట్టుకున్నాడు. కృపారాణి వచ్చి గట్టిగా చెప్పాక, సరే పాత రిపోర్టు ఇవ్వండన్నాడు. కోడు స్కాను చేస్తేగాని పాత ఫలితం కొట్టెయ్యడం కుదరదట. లామినేషన్ తళతళలాడిపోయి స్కానరుకి కోడు అందలేదు. ఇటు తిప్పాడు, అటు వంచాడు, చివరికి బ్లేడుతో ప్లాస్టిక్కు చీల్చి కాగితం బయటికి లాగాడు. పది నిమిషాలు పట్టింది. జాకీర్ తలొంచుకుని చూస్తూ కూర్చున్నాడు.

“ఇప్పుడు పెట్టండి. ఉన్నదున్నట్టు చెయ్యండి,” అంది కృపారాణి. “అరచెయ్యి ఆనాలి.”

జాకీర్ నీలం గుడ్డ మీద చెయ్యి పెట్టాడు. తెర మీద అతని చెయ్యి, చెయ్యి మీద చుక్కలు. వేళ్ళు విప్పమంది ట్యాబు. విచ్చుకున్నాయి. మూయమంది. మూసుకున్నాయి. తెరంతా వెలిగింది.

ఆకుపచ్చ.

“తప్పు చూపిస్తోంది బాబూ,” అన్నాడు జాకీర్ కంగారుగా. “మళ్ళీ పెట్టండి.”

మళ్ళీ పెట్టారు. ఈసారి ఫిర్దోస్ వంగి పక్క నుంచి చూసింది. వేళ్ళు విప్పమనగానే అరచెయ్యి లేచింది.

“లేపుతున్నారు! చెయ్యి లేపుతున్నారండీ!”

“నేను లేపడం లేదే!”

“లేస్తోంది!”

“నేను లేపడం లేదు ఫిర్దోస్, ఒట్టు. అదే లేస్తోంది.” అతని నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యి కిందకి నొక్కాలని చూస్తుంటే వేళ్ళు బిగుసుకుంటున్నాయి. వదిలితే అరచెయ్యి లేస్తోంది. పనికి అడ్డొచ్చిన ప్రతిసారీ దొంగదారి వెతుక్కుని వెతుక్కుని, మూడు నెలల్లో ఆ చెయ్యికి అదే దారి అయిపోయింది. తెర రెండోసారీ ఆకుపచ్చే చూపింది.

వినయ్ కుమార్ కుర్చీ వెనక్కి జరిపాడు. “ఏంటండీ ఇది? మొన్న నాకు బాగుంది బాగుంది అని కాగితం పట్టుకుపోయారు. ఇవాళ బాగోలేదని ఇద్దరూ యాక్షన్ చేస్తున్నారు. పెన్షన్ కోసమైతే దానికి వేరే క్యాంపుంటుంది, అక్కడికెళ్ళండి. ఇక్కడ నిజంగా దెబ్బ తగిలినవాళ్ళు ఎదురుచూస్తున్నారు.”

లైనులో ఎవరో నవ్వారు. జాకీర్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. లేవబోయాడు. ఫిర్దోస్ అతని భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది.

“యాక్షనా?” అంది ఫిర్దోస్. “ఆయన యాక్షన్ చేసింది మొన్న. మొన్న నమ్మారు కదా మీరు! దొంగాటని నిజమన్నారు, నిజం చెబుతుంటే దొంగాటంటారా? దానికి పై నుంచి తప్ప చూడ్డం రాదు, మీరు లేచి ఇటు పక్కకొచ్చి చూడరు. మీ కళ్ళకేమైంది నాయనా?”

చూపిస్తానని ముందుకొచ్చి తన చేత్తో అతని అరచేతిని బల్లకేసి నొక్కింది. ట్యాబు టిక్కుమని శబ్దం చేసింది. ‘రెండు చేతులు కనిపిస్తున్నాయి, ఒక చెయ్యి తీయండి’ అని వచ్చింది. ఆమె తియ్యలేదు. తెర నల్లబడి పరీక్ష రద్దయింది.

“చూశారా అమ్మా,” అన్నాడు వినయ్ కుమార్.

“మీరు ఉండండి,” అంది కృపారాణి అతనితో. బల్ల కింది నుంచి తెల్ల గాజుగుడ్డ చుట్ట తీసింది. చెక్క పలక మీద జాకీర్ చెయ్యి పెట్టించి, మణికట్టు మీద నాలుగు చుట్లు, అరచెయ్యి మీద నాలుగు చుట్లు తిప్పి, వేళ్ళు అయిదూ బయటికి వదిలి, పలకతో కలిపి బిగించి కట్టింది. ముడి వేస్తూ, “నొప్పిగా ఉందా అన్నా?” అని అడిగింది. లేదన్నాడు. నొప్పి తెలిసే వైపు కాదు అది.

పలకని తీసుకెళ్ళి నీలం గుడ్డ మీద పెట్టింది. కెమెరా చుక్కలు పెట్టుకుంది. వేళ్ళ మీద అయిదు గీతలు వచ్చాయి. ఇది కూడా ఒప్పుకోదేమోనని ఫిర్దోస్ తెర వైపే చూసింది. ఒప్పుకుంది.

‘వేళ్ళు విప్పండి,’ అంది ట్యాబు.

బొటనవేలు పక్కకి జరిగింది. మిగతా నాలుగూ అలాగే ఉన్నాయి.

‘వేళ్ళు విప్పండి.’

లైనులో ముందున్నవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. వినయ్ కుమార్ ఈసారి తెర వైపు కాక చెయ్యి వైపు చూస్తున్నాడు. కుర్చీలోంచి లేచి, బల్ల పక్కకి వచ్చి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగాడు.

“కదపండి సార్,” అన్నాడు.

“కదుపుతున్నానండి,” అన్నాడు జాకీర్.

చిటికెన వేలు కొస ఒకసారి అదిరింది, అంతే. అతని దవడ బిగుసుకుంది, మెడ నరాలు తేలాయి, భుజం దాకా వణుకుతోంది. వేళ్ళు మాత్రం ఎవరో బల్ల మీద పెట్టి మర్చిపోయిన వస్తువుల్లా పడి ఉన్నాయి.

“కదుపుతూనే ఉన్నానండి.”

తెర ఎర్రబడింది. దేని కోసమైతే మంగళవారం నుంచి నెత్తీ నోరూ బాదుకుందో ఆ ఎరుపు. కృపారాణి హమ్మయ్య అంది. వినయ్ కుమార్ కూర్చుని, శనివారం బాపట్ల లిస్టులో జాకీర్ పేరు అందరికన్నా ముందు కొట్టాడు. ప్రింటరు చప్పుడు చేసింది. గెలిచినట్టే. కానీ ఫిర్దోస్‌కి ఆ తెర మీద కొంగు కప్పెయ్యాలనిపించింది. అంత కాళ్ళావేళ్ళా పడి తను చూపించమన్నది దీన్నా? ఇది ఇంతమంది చూసేదా?

పరీక్ష అయిపోయిందని జాకీర్‌కి ఎవరూ చెప్పలేదు. అతను ఇంకా కదుపుతూనే ఉన్నాడు. చెమట గడ్డం మీంచి కారి నీలం గుడ్డ మీద పడుతోంది.

“చాలు,” అంది ఫిర్దోస్, పక్కన కూర్చుంటూ. “చాలండీ, ఇక ఆపండి.”

ఆమె వంగి ముడి విప్పడం మొదలుపెట్టింది. గట్టిగా పడిన ముడి, చప్పున రాలేదు. అతను ఎడమ చెయ్యి కూడా తెచ్చి, ఆమెతో పాటు ఒక కొస పట్టుకుని లాగాడు.